చుక్క నిలవని నేల

చెల్లెలు కొత్తింట్లో దిగిన రోజు సామాను సర్దిపెట్టడానికి వెళ్ళిన అక్క, ఆ ఇల్లు చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. ఎక్కడైనా ఒక్క వంక దొరక్కపోతుందా అని గోడలు తడిమింది, కిటికీ తలుపులు లాగి చూసింది. దొరకలేదు. ఆఖరికి స్నానాలగదిలో దూరి, మగ్గుడు నీళ్ళు మూలన కుమ్మరించి, నిలబడాలి, నిలబడి తీరాలి అని పళ్ళు బిగబట్టి చూసింది. నీళ్ళు చెప్పినమాట వినే పిల్లల్లా జారుకుంటూ వెళ్ళి తూములో పడ్డాయి.

"ఏం చూస్తున్నావక్కా? బావ వేసిన బండలు కదా, చుక్క నిలవదు!" అంది చెల్లెలు మురిసిపోతూ.

ఆ మాటకి అక్కకి ఒళ్ళు మండిపోయింది. తనుండే అద్దెకొంపలో తొమ్మిదేళ్ళుగా చీలమండల దాకా మురికినీళ్ళలోనే స్నానం. అందరి ఇళ్ళకీ నేలలు వేసేవాడి ఇంట్లో నేల మాత్రం ఎప్పుడూ గుంటే!

ఇంటికి రాగానే సుత్తి తెచ్చి మొగుడి ముందు పడేసింది.

"రేపు నీ పని ఇక్కడే. ఆ స్నానాలగది నేల పగలగొట్టి మళ్ళీ వెయ్యి."

"పిచ్చిదానా! బాగుచేస్తే ఇంటివాడు మనల్ని పంపేసి, ఇంకొకరికి ఎక్కువ అద్దెకి ఇచ్చుకుంటాడే."

"పంపేస్తే పంపేయనీ! నెల రోజులైనా నీ చేతిపని మీద నిలబడి స్నానం చేస్తాను. నాకంటే నా చెల్లెలు ఎక్కువైపోయిందా నీకు?"

మేస్త్రి బుర్ర గోక్కున్నాడు. తర్వాత లేచి, గుంట ఎంత లోతుందో చూడటానికి వెళ్ళాడు.