మొండన్న తాళంచెవి

నలుగురు కలిసి నిలబడితే నేరమట! ఆ కొత్త చట్టం పుణ్యమా అని కాలేజీ పిల్లలూ సిటీ బస్సు డ్రైవర్ల యూనియనూ ఒక్కటయ్యారు. అరెస్టయినవాళ్లను ఎక్కిస్తే ప్రాణం పోయినా బండి కదపొద్దని మీటింగులో బల్ల గుద్ది మరీ చెప్పినవాడు మొండన్న. డిపోలో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. అతనికీ ఆ పేరంటే లోలోపల గర్వమే.

ఆ మధ్యాహ్నం పోలీసులు ఊరేగింపు మీద విరుచుకుపడ్డారు. దారిలో అతని ఏసీ బస్సే దొరికింది. ప్రయాణికుల్ని దింపేసి, పిల్లల్ని కుక్కి, "పోనీ స్టేషన్‌కి" అన్నాడు ఇన్‌స్పెక్టరు. మొండన్న అలవాటు కొద్దీ తలుపులు మూసి, ఇంజన్ ఆపి, తన పక్క తలుపులోంచి దిగి, తాళంచెవి నిండుగా పారుతున్న మురుగు కాలవలోకి విసిరేశాడు. లోపల పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు కొట్టేవాళ్లలో తన కూతురు కనపడింది. పరీక్షకని చెప్పి ఇంట్లోంచి వెళ్లిన పిల్ల. చిన్నప్పటి నుంచీ ఆయాసం. మొండన్న తలుపుల దగ్గరికి పరిగెత్తాడు. ఇంజన్ తిరిగితే తప్ప ఆ తలుపులు తెరుచుకోవు, అద్దాలు దిగవు. డ్రైవరు సీటు వెనకంతా ఇనుప జాలీ.

డిపోకి ఫోన్ చేశాడు.

"స్పేర్ తాళాలా? పోలీసులకి దొరకకుండా పొద్దునే యూనియన్ సెక్రటరీ ఎక్కడో దాచాడు కదన్నా, నువ్వు చెప్పావనే! ఇప్పుడు ఆయన్నీ పట్టుకుపోయారు."

ఇన్‌స్పెక్టరు కాళ్ల మీద పడ్డాడు. "అద్దం పగలగొట్టించండి సార్. నా బిడ్డకి ఊపిరాడదు సార్."

"పగలగొడితే అంతా పారిపోరూ? బండి లాగే క్రేన్ వస్తోంది, ఆగు. తాళం పారేసేటప్పుడు లేదా ఈ బుద్ధి?"

మొండన్న రాయి అందుకున్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు రెక్కలు విరిచి పట్టుకున్నారు.

ఎండ నెత్తి మాడ్చేస్తోంది. కూతురు అద్దానికి ఆనుకుంది. నోరు తెరిచి గాలి కోసం రొప్పుతోంది. పోలీసులు స్పేర్ తాళం కోసమే నాన్నని హింసిస్తున్నారనుకుంది కాబోలు, ఇవ్వొద్దు, ఇవ్వొద్దని చెయ్యి అడ్డంగా ఊపుతోంది. ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేదని అద్దం ఇవతల నుంచి ఎలా చెప్పాలో మొండన్నకి తెలియలేదు.