దిరిసెన చప్పుడు

ఆ ఇంటి పడమటి గోడ పక్కన మూడేళ్లలో మూడు మొక్కలు ఎండిపోయాయి. మూడూ కొండల మీది చలి ఊరి మొక్కలే. అత్తయ్య పుట్టి పెరిగింది అక్కడే. చూపు మందగించిన దగ్గర్నుంచీ మంచం మీద పడుకుని ఆ ఊరి మాటే ఎత్తేది. ముందుగదిలో మిషను మీద బట్టలు కుట్టుకుంటూ కోడలు వినేది. ఏటా ఓ మొక్క తెప్పించి నాటేది. గోనెపట్టా అడ్డం కట్టి, రెండు పూటలా నీళ్లు పోసినా, వేసవి రాగానే ఆకులు పాత కాగితాల్లా పెళుసెక్కి రాలిపోయేవి.

నాలుగో ఏడు ఆమె నర్సరీ నడిపే పెద్దాయన్ని పిలిచింది. వీధిలో అందరూ ఆయన్ని చెట్ల మేస్త్రి అంటారు. ఆయన ఉత్త చేతులతో వచ్చాడు. గుప్పెడు మట్టి తీసి నలిపాడు. గోడకి అరచెయ్యి ఆనించి, చురుక్కుమంటే తీసేశాడు.

"కింద రాతినేల, పైన వడగాలి. చలి ఊరి బిడ్డని తెచ్చి పొయ్యి పక్కన పడుకోబెట్టారు. మీ చేతి తప్పేం లేదమ్మా."

కోడలు తల తిప్పేసుకుంది. ఇన్నాళ్లూ తన చెయ్యే మంచిది కాదనుకుంది.

మేస్త్రి కిటికీ దగ్గరికెళ్లి లోపలున్న అత్తయ్యని అడిగాడు. "అక్కడి చెట్లలో మీకేం గుర్తొస్తుందండీ? పువ్వా, నీడా?"

ఆవిడ చాలాసేపు ఆలోచించింది. "చప్పుడు బాబూ. అక్కడ ఎప్పుడూ సన్నగా వాన పడుతుండేది. ఆకుల మీద ఆ చప్పుడు వింటూ నిద్రపోయేదాన్ని."

వారం తిరక్కుండా ఆయన జానెడు దిరిసెన మొక్క తెచ్చాడు. కిటికీ ముందు పాతమని నాలుగు గోరింట కొమ్మలూ ఇచ్చాడు. "రెండేళ్లు నీళ్లు పొయ్యండి. ఆ తర్వాత వాటి బతుకు అవే చూసుకుంటాయి."

గోరింట కిటికీ ఎత్తు పెరిగాక గదిలో వెలుతురు పచ్చబడింది. మధ్యాహ్నాలు ఆ గది నీళ్లడుగున ఉన్నట్టు మెల్లగా కదిలేది. ఐదో వేసవిలో దిరిసెన పూసింది. సాయంత్రమైతే దూదిపింజల్లాంటి ఆ పూల వాసన లోపలిదాకా వచ్చేది. తర్వాతి చలికాలం వెళ్లేసరికి ఆకులన్నీ రాలి, కొమ్మల నిండా గడ్డిరంగు కాయలు మిగిలాయి.

ఓ మధ్యాహ్నం లోపల్నుంచి అత్తయ్య పిలిచింది. "అమ్మాయ్, బట్టలు తీసెయ్యి. చినుకులు పడుతున్నాయి."

కోడలు మిషను ఆపి బయటికొచ్చింది. ఆకాశంలో మచ్చుకి కూడా మబ్బు లేదు. ఎండిన కాయలు గాలికి గలగలమంటున్నాయి. ఒక కొమ్మ ఆగేలోపు ఇంకో కొమ్మ అందుకుంటోంది. కళ్లు మూసుకుని వింది. వానే.

కాదని చెప్పడానికి మనసు రాలేదు. తీగ మీది బట్టలన్నీ తీసి, లోపలికి తెచ్చి అత్తయ్య ఒళ్లో పెట్టింది. ఎండకి వెచ్చగా ఉన్నాయి. ఆవిడ వాటిని చెంపకి ఆనించుకుంది.

"తడవలేదే," అంది మెల్లగా నవ్వుతూ. "నన్ను ఆ చెట్టు దగ్గరికి తీసుకెళ్లు."

కోడలు చెయ్యి పట్టుకుని నడిపించింది. అత్తయ్య మానుని తడిమింది. మునివేళ్ల మీద లేచి మొదటి కొమ్మ కోసం వెతికింది. అందలేదు.

"అబ్బో, నన్నెప్పుడో దాటిపోయిందే."

గాలి ఆగేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. సగం కుట్టిన చొక్కా మిషను మీద అలాగే ఉండిపోయింది.