కొండలు కదిలే టేపు

టేపురికార్డరులోంచి ఆ కీచు మొదలవగానే కామేశ్వరి వంటింట్లో గరిటె పక్కన పెట్టేసింది. చెవిలో ఈగ దూరినట్టు మొదలై, ఎక్కడో దూరాన విమానం మోతలా సాగి, ఉన్నట్టుండి తెగిపోతుంది ఆ చప్పుడు. క్యాసెట్టులోని ఆట చప్పుడుగా కంప్యూటరులోకి ఎక్కుతోందని, అంతకుమించి ఏమీ లేదని రమణమూర్తి వందసార్లు చెప్పాడు. అయినా అది తెగిపోయాక వచ్చే నిశ్శబ్దం ఆమెకు తెలుసు. రెండేళ్ళ కిందట మేడమీద ఒంటరిగా నిలబడి విన్నది అదే.

ఆదివారం పొద్దున్న. సీతమ్మధారలో ఆ ఇంటి ముందుగదిలో టీవీకీ, టేపురికార్డరుకీ, మధ్యన పలకంత ఉన్న నల్లటి కంప్యూటరుకీ తీగలు పెనవేసుకుని ఉన్నాయి. ఎల్లారావు మఠం వేసుక్కూచుని సంచిలోంచి రెండు క్యాసెట్లు తీశాడు. అతను పోర్టులో ఓడలవాళ్ళ దగ్గర ఫారిన్ సరుకు పట్టి తెలిసినవాళ్ళ ఇళ్ళకు చేరవేస్తుంటాడు. ఈ కంప్యూటరు తెచ్చిందీ అతనే.

"రెండూ విమానం ఆటలే బావా. సింగపూర్ ఓడలో వచ్చినాయి. ఆడించి సూసుకో. నచ్చింది ఉంచీసుకో, రెండోది నాకిచ్చీ."

"నాక్కావలసింది ఆట కాదు బావా," అన్నాడు రమణమూర్తి. "నిజం విమానం ఎలా ఎగురుతాదో అలా ఎగరాల. అదొక్కటే సూసుకోవాల నాను."

"నిజం విమానం ఎప్పుడెక్కినావేటి నువ్వు, ఇది నిజమో కాదో సెప్పడానికి?" అని నవ్వబోయి, ఎల్లారావు నాలుక కరుచుకున్నాడు.

ఎక్కింది రమణమూర్తి తమ్ముడు సత్యం. కొండల ఫొటోలు తీసే ఒక చిన్న విమానానికి అతను పైలట్. మర్నాటి పనికి వాతావరణం ఎలా ఉందో చూడడానికి ఒక సాయంత్రం ఐదూ పదికి ఒక్కడే పైకి లేచాడు. యారాడ అవతల సముద్రంలో పడ్డాడు. రెక్క ముక్క దొరికింది, మనిషి దొరకలేదు. సత్యం తిన్నగా సముద్రం మీదికి వెళ్ళి మబ్బులో చిక్కుకున్నాడని, విచారణకు వచ్చినవాళ్ళు రాసుకుని వెళ్ళిపోయారు.

కానీ యారాడ జాలరి సూరన్న మరోలా చెప్పాడు. పోర్టు సైరన్ ఐదున్నరకి కూసిన తర్వాతే విమానం తన తెప్ప మీదుగా పోయిందన్నాడు. గంటలు చూడడం రానివాడి మాట అని వాళ్ళది రాసుకోలేదు. రమణమూర్తి రాసుకున్నాడు. అతను స్టీల్‌ప్లాంటులో డ్రాఫ్ట్స్‌మన్. విమానాశ్రయం, కొండలు, ఊరు, సముద్రం అన్నీ గ్రాఫు కాగితం మీద గీశాడు. తిన్నగా వెళితే ఐదు నిమిషాలకు మించని దారి. మిగిలిన పదిహేను నిమిషాలు ఎక్కడికి పోయాయన్నది అతనికి అన్నం సయించనివ్వడం లేదు.

ఎక్కడికి పోయాయో కామేశ్వరికి తెలుసు.

ఆ మధ్యాహ్నం అన్నం తిని వెళుతూ సత్యం గుమ్మంలో ఆగాడు. "ఎప్పుడూ నా విమానం సూడలేదంటావు కదా వదినా, ఇవాళ సూద్దువు గాని. పైనుంచి సీతమ్మధారలో ఏ ఇల్లు మనదో పోల్చుకోలేను. మేడమీద ఎర్ర సీర ఆరెయ్యి, నాను సూసుకుంటాను," అన్నాడు. రమణమూర్తి డ్యూటీలో ఉన్నాడు. ఆమె నవ్వుకుంటూ పెళ్ళి చీర తీసి దండెం మీద పరిచింది. విమానం వచ్చింది, చుట్టు తిరిగింది, మళ్ళీ తిరిగింది. మూడోచుట్టులో సముద్రంవైపు ఆకాశం నల్లబడడం ఆమె చూసింది. చీర లాగేసి ఉంటే అటు పోకుండా వెనక్కి దిగిపోయేవాడేమో. లాగలేదు. చిన్నపిల్లలా చెయ్యి ఊపుతూ నిలబడింది. ఆ చీర ఇప్పుడు పెట్టె అడుగున ఉంది. ఈ రెండేళ్ళలో ఆమె మేడమీద ఎర్రటి గుడ్డ ఏదీ ఆరవేయలేదు.

మొదటి క్యాసెట్టు ఎక్కింది. టీవీ నిండా మీటర్లు, పైన నీలాకాశం, ఎదురుగా మంచుకొండలు. గుమ్మంలో నిలబడ్డ కామేశ్వరికి కూడా ముచ్చటేసింది. రెండో క్యాసెట్టు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. తీరా చూస్తే ఉత్త గీతలు. నేలొక రంగు, ఆకాశమొక రంగు, కొండ అంటే మూడు గీతలు. మొదలెట్టేముందు గాలి కావాలా వద్దా అని తెరమీద అడిగింది ఆట. కావాలని నొక్కాడు రమణమూర్తి. విమానం లేచినప్పటినుంచి ఒకపక్కకి తోసుకుపోతూనే ఉంది.

"ఇదేటి బావా, తాగినోడి సైకిల్లాగ!" అన్నాడు ఎల్లారావు.

రమణమూర్తి భార్యవైపు తిరిగాడు. "ఏది ఉంచుకోమంటావే?"

"మొదటిదేనండీ," అంది ఆమె వెంటనే. "ఎంత బాగుంది. రెండోది గీతలే కదా."

అలా ఎందుకందో ఆమెకు బాగా తెలుసు. బొమ్మల విమానంతో నిజం బయటపడదు. రమణమూర్తి తల పంకించి రెండో క్యాసెట్టు బయటకు తీస్తున్నాడు. అంతలో సూరన్న వచ్చాడు. యారాడనుంచి రమ్మని అతనికి కబురు పెట్టింది రమణమూర్తే. తలకు తువ్వాలు, చేతిలో ఎండుచేపల పొట్లం.

"కుర్సీ వొద్దు బాబూ, వొళ్ళంతా సేపల కంపు," అని నేలమీదే కూచున్నాడు.

"సూరన్నా, ఇందులో వల ఏస్తే సేపలు పడవు," అన్నాడు ఎల్లారావు.

"నీ సంచిలో పడతన్నాయి కదా బాబూ, అది సాల్లే."

రమణమూర్తి రెండు క్యాసెట్లూ మళ్ళీ ఎక్కించి చూపించాడు. సూరన్న రెప్ప వెయ్యకుండా చూశాడు. మొదటిదానికి పెదవి విరిచాడు.

"బొమ్మ బాగుంది గానీ కొండ కదల్లేదు బాబూ. ఎటు తిరిగినా మన ఎదరే ఉంటాది. అలాటి కొండని నమ్ముకుని సంద్రంలోకెల్తే ఇంటికి రాం." రెండోది నడుస్తుంటే మాత్రం మోకాళ్ళమీద ముందుకు జరిగాడు. "ఇదిగో, దగ్గిర కొండ జరిగింది, దూరం కొండ జరగలేదు. సూసినారా? మా కొండ మీద లైట్‌హౌసూ, అల్లంత దూరాన సింహాచలం కొండా ఒక్క వరసకొచ్చీ సోట నాను వల ఏత్తాను. కూసింత పక్కకి తప్పితే రెండూ ఇడిపోతాయి. ఆ రోజు అవి వరసలో ఉన్నప్పుడే బాబుగారి ఇమానం నా నెత్తిమీద నుంచెల్లింది. ఇదీ కొండంటే. గీతలైతేనేటి!"

దాంతో తేలిపోయింది. మొదటి క్యాసెట్టు ఎల్లారావు సంచిలోకి పోయింది. రమణమూర్తి వాచీ విప్పి భార్య చేతిలో పెట్టాడు. "నిమిషాలు సూడు. కొండలు మనవి కాకపోయినా నిమిషాలు నిమిషాలే."

విమానం లేచి, కాగితం మీది కొలతల ప్రకారం తిన్నగా సముద్రానికి వెళ్ళింది. ఐదు నిమిషాలు. సింహాచలం కొండ చుట్టి వచ్చింది. పదమూడు. గాజువాక మీదుగా వచ్చింది. తొమ్మిది. కామేశ్వరి అంకె చెబుతోంది, అతను రాసుకుని కొట్టేస్తున్నాడు. గాలి విమానాన్ని పక్కకు తోస్తూనే ఉంది.

"వచ్చే ఆదివారం భీమిలి వైపు సూద్దాం," అన్నాడు చివరికి. "దారి తప్పినాడే. పదిహేను నిమిషాలు మనూరి మీదే దారి తెలీక తిరిగినాడు. ఎంత బెంగపడ్డాడో, ఎవరిని పిలిసినాడో. కన్ను మూస్తే ఆ పిలుపే నాకు."

కామేశ్వరి అరచేతిలో వాచీ కొట్టుకుంటోంది. తను దాచుకున్న ఆ పదిహేను నిమిషాల్లోనే ఈ మనిషి మనసులో రోజూ తమ్ముణ్ణి ఏడిపిస్తున్నాడని ఆమెకు అప్పుడు తెలిసింది.

"ఎడమకి తిప్పండి," అంది.

"ఏటి?"

"లేచిన వెంటనే ఎడమకి. మనింటి మీదికి. అక్కడ పెద్ద చుట్లు మూడు తిప్పండి. దారి తప్పలేదండీ. నన్ను చూడ్డానికొచ్చాడు. ఎర్ర చీర ఆరెయ్యమన్నాడు, ఆరేశాను. మబ్బు రావడం చూశాను. చూసి కూడా చీర తియ్యలేదు."

ఎల్లారావు సంచి మూతి బిగిస్తున్నవాడు అలాగే ఆగిపోయాడు. రమణమూర్తి ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె తల దించలేదు. అతను టీవీవైపు తిరిగి మీటలు నొక్కాడు.

ఇంటి మీదికి మూడు నిమిషాలు. ఒక్కో చుట్టుకి నాలుగేసి. మూడు చుట్లయ్యాక విమానం సముద్రంవైపు తిరిగింది. ఆమె లెక్క చెబుతూనే ఉంది. పదహారు. పద్దెనిమిది. ఇరవై.

"సైరన్ కూసీసింది," అన్నాడు సూరన్న నెమ్మదిగా.

రమణమూర్తి మీటల మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. టీవీలో సముద్రమనుకున్న రంగు మీదుగా విమానం తనంతట తానే పోతోంది.

"నవ్వుతూనే ఉన్నాడా?" అని అడిగాడు.

"అంత పైనుంచి మొహం కనబడలేదండీ. కానీ వెళ్ళిపోయేముందు రెక్కలు ఊపాడు. ఒకసారి ఇటు, ఒకసారి అటు."

అతని చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. టీవీలో నేలా ఆకాశం కలిసే గీత ఎడమకి వాలింది. కాస్సేపు అలా ఉండి, కుడికి వాలింది. తర్వాత తిన్నగా అయింది.

"గాలిలే బావా," అన్నాడు ఎల్లారావు. "గాలి కావాలని నొక్కినావు కదా."

ఇంతసేపూ గాలి ఒకపక్కకే తోసింది. నలభయ్యేళ్ళు గాలితో బతికిన సూరన్న తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు.

కామేశ్వరి వాచీ భర్త పక్కన పెట్టి లోపలికి వెళ్ళింది. పెట్టె మూత తీసిన చప్పుడు వినిపించింది, తర్వాత మేడమెట్ల మీద ఆమె అడుగులు. రమణమూర్తి లేచి ఆమె వెనకే వెళ్ళాడు. తడిలేని ఆ ఎర్ర చీరను దండెం మీద చెరో కొసా పట్టుకుని ముడతలు లేకుండా పరిచారు. ఆకాశంలో మబ్బు లేదు. కింద గదిలో విమానం ఇంకా ఎగురుతూనే ఉంది.