దించిన శ్రుతి

చర్చిలో హార్మోనియం పెట్టె మీది దుమ్ము గుడ్డతో తుడిచి, తిత్తి నాలుగుసార్లు ఆడించి, గాలి ఎక్కడా పోవడం లేదని చూసుకున్నాక గాని పెట్టెమ్మకు గుర్తు రాలేదు, ఇవాళ వాయించేది తాను కాదని. పోయిన ఆదివారమే పాస్టరుగారు చెప్పారు: "ఇరవై తొమ్మిదేళ్లు వాయించావమ్మా. ఇక హాయిగా కూర్చుని పాడుకో." అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పుడు దాన్ని గోడ వారకు జరిపి, ఆమె ఆడవాళ్ల బల్ల మీద కూర్చుంది.

వారంలో ఆరు రోజులు గోనెసంచుల మిల్లులో మూతులు కుట్టే పని. నార దుమ్ము రొమ్ములో పేరుకుపోయి, పది అడుగులు వేస్తే ఆయాసం. దబ్బనం పోట్లకు వేళ్లు కాయలు కాచాయి. ఆ వేళ్లతోనే ఆదివారాలు వాయించేది. నేర్పిన తండ్రి ఒక్కటే చెప్పాడు, పెట్టె వినబడకూడదు, మనుషులు వినబడాలని.

అందుకే ఆమె ఎవరికీ తెలియకుండా ఒక పని చేసింది. పాడేవాళ్లకు వయసు మీదపడి పైస్వరాల దగ్గర గొంతులు చీలడం మొదలైన ఏడాది, శ్రుతి ఒక మెట్టు దించింది. కొన్నేళ్లకు మరొకటి. మొన్న మొన్ననే ఇంకొకటి. పాలమ్మే పెద్దమ్మ డెబ్బై ఎనిమిదేళ్లు వచ్చినా "నా గొంతు పెళ్లినాడెట్లా ఉందో ఇప్పుడూ అట్లాగే ఉంది" అని మురిసిపోయేది. పెట్టెమ్మ నవ్వి ఊరుకునేది. తాళాలు, తాళంచెవులు బాగుచేసే ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మంచినీళ్లు కూడా అడగలేడు. పాటలో మాత్రం మాటలన్నీ వరసగా వచ్చేవి. వారానికి ఆ కాసేపే ఆయన భార్య ఆయన గొంతు వినేది.

కొత్త కీబోర్డు ముందు పాస్టరుగారి అల్లుడు కూర్చున్నాడు. మొదటి పాట పుస్తకంలో ఉన్న శ్రుతిలోనే ఎత్తుకున్నాడు. తప్పేమీ లేదు, చక్కగా వాయించాడు. రెండో చరణానికి పెద్దమ్మ నోరు మూసుకుంది. తాళాలాయన పైస్వరం కోసం మెడ చాచాడు. నరాలు ఉబ్బి, గొంతు కీచుమంది. పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "పాడండి, పాడండి" అని భార్య మోచేయి కుదుపుతూనే ఉంది. ఆయన పెదవులు మళ్లీ కదలలేదు.

పెట్టెమ్మ అసలు సంగతి చెబితే ఇన్నేళ్ల గుట్టు బయటపడి, పెద్దమ్మ గొంతు ఎప్పుడో పోయిందని నలుగురికీ తెలుస్తుంది. చెప్పకపోతే వచ్చే వారం తాళాలాయన ఇక్కడికి రాడు.

ప్రార్థన అయ్యాక లేచి, బల్లలు పట్టుకుంటూ ముందుకు నడిచింది.

"అల్లుడుగారూ, మూడు మెట్లు దించి వాయించండి బాబూ."

"ఎందుకు పిన్నిగారూ? పాటలో జీవం పోతుంది."

"నాకు అందడం లేదు."

"మీ ఒక్కరి కోసమా?" అతను నవ్వాడు. ఆ నవ్వులో వెటకారమేమీ లేదు. "పోనీ మెల్లగా పాడుకోండి."

"మెల్లగానూ రావడం లేదు. నా గొంతు పోయింది నాయనా. దేవుడి ముందు నన్ను మూగదాన్ని చెయ్యకండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

అతను కంగారుగా లేచాడు. పెద్దమ్మ బల్ల మీంచే గట్టిగా అంది: "ఇన్నాళ్లూ ఆ పెట్టె చాటున దీని గొంతెవరు విన్నారమ్మా! పోనీ పాపం, దించు నాయనా. మాకేం, ఎట్లాగైనా పాడతాం."

అందరూ నవ్వారు. పెట్టెమ్మ తల దించుకుంది.

"ఈ ఒక్క పాటకే" అంటూ అల్లుడు శ్రుతి దించే మీట మూడుసార్లు నొక్కాడు.

ఆమె పెద్దమ్మ పక్కన వచ్చి కూలబడింది. పాట మొదలైంది. పెద్దమ్మ గొంతు గోడలను తాకింది. పల్లవి రెండోసారి వచ్చేసరికి తాళాలాయన పుస్తకం కిందికి దించాడు. ఒక మాట, ఆ వెనక ఇంకో మాట, ఆ తర్వాత పాదమంతా. భార్య తను పాడటం మానేసి ఆయన నోటి వంకే చూస్తోంది.

పెట్టెమ్మ పాడలేదు. ఊపిరి అందలేదు. పెదవులు కాసేపు ఆడాయి. మూడో చరణంలో ఆమె తల పెద్దమ్మ భుజం మీదికి వాలింది. అలసి నిద్రపోయిందనుకుని, పెద్దమ్మ భుజం కదపకుండా చివరిదాకా పాడింది.

తర్వాత ఎవరో కేక పెట్టారు. ఆమెను ఎత్తుకుని అందరూ బయటికి పరుగెత్తారు.

ఆ హడావుడిలో కీబోర్డు తీగ ఎవరూ పీకలేదు. దాని చిన్న అద్దపు గడిలో ఒక అడ్డగీత, పక్కన మూడు అంకె, ఎర్రగా వెలుగుతూనే ఉన్నాయి.