చీటీలో ఏడో పేరు

"మొదటిసారి ఇల్లు కొనేవాళ్లు ముందు ఇది చదవాలండీ," అంటూ లైబ్రేరియనమ్మ ఆ పుస్తకం నా చేతిలో పెట్టింది. ఇరవయ్యేళ్లుగా ఇళ్లకు రంగులేస్తున్న నాకా పాఠాలు! ఒళ్లు మండినా ఇంటికెళ్లి చదివాను.

పాత యజమానుల పేర్లు వరసగా చూసుకోమంది పుస్తకం. మా ఆవిడ మనసుపడ్డ ఇంటి దస్తావేజులు తిరగేశాను. ఆరుగురు కొన్నారు, ఆరుగురూ ఏడాది తిరక్కుండానే చనిపోతే వారసులు అమ్మేశారు. ఆ పేర్లు ఎక్కడో చూసినట్టనిపించి పుస్తకం చివరి అట్ట తిప్పాను. తీసుకెళ్లినవాళ్ల చీటీలో అవే ఆరు పేర్లు, అదే వరసలో. ఏడోది నాది.

మర్నాడు ఆ పుస్తకాన్ని ఆమె బల్లమీదికి గిరాటేశాను. "ఆ ఇల్లూ వద్దు, నీ పుస్తకమూ వద్దు!"

ఆమె నింపాదిగా నా పేరు కొట్టేసి, పక్కనే మా ఆవిడ పేరు రాసింది.

"పొద్దున్నే ఆవిడ అడ్వాన్సు ఇచ్చేశారు కదండీ."