ప్రార్థన చెప్పే కుర్చీ

మా జిల్లా ఆరోగ్య ప్రణాళికా బోర్డులో పాస్టర్లున్నారు, ఊరిపెద్దలున్నారు, సిమెంటు కాంట్రాక్టర్లు కూడా ఉన్నారు. ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లందరికీ కలిపి మాత్రం ఒక్కటే కుర్చీ. అందులో కూర్చున్న మనిషికి పని కూడా ఒక్కటే: మీటింగు మొదట్లో లేచి ప్రార్థన చెప్పడం. ఆ తర్వాత నోరు తెరిచే వంతు రాదు.

కిందటిసారి అందులో కూర్చున్న ఫలేసి, వంతు రాకుండానే చేతి తొడుగుల కొరత సంగతి ఎత్తింది. ఇప్పుడు సరస్సు మధ్య దీవిలో పనిచేస్తోంది. వానాకాలమంతా అక్కడికి పడవలుండవు.

ఈసారి మేమంతా టియోంగేను ఎన్నుకున్నాం. మలావి సరస్సు ఒడ్డున మా చిన్న ఆసుపత్రిలో పురుళ్లు పోసేది ఆమె ఒక్కతే. నేను టీకాలు వేస్తాను. ఆ పురుళ్ల గది మూసేసి తల్లుల్ని పట్నం పంపాలని బోర్డు చూస్తోంది. పట్నం దారిలో వంతెన ఏటా వరదకి కొట్టుకుపోతుంది.

"నిన్ను మాట్లాడనివ్వరే పిల్లా," అన్నాను మినీబస్సులో.

"ప్రార్థన చెయ్యనిస్తారుగా అక్కా. మధ్యలో ఎవడాపుతాడు? పక్కనే పాస్టర్లుంటారు!" అని నవ్వింది.

నేను మీటింగు గది గుమ్మం బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు తీసే ఉంది.

"మా నర్సమ్మ లేవాలి. చిన్నది చాలమ్మా, టీ చల్లారిపోద్ది," అన్నాడు చైర్మన్ కచింగ్వే.

అందరూ తలలు వంచారు.

"తండ్రీ, మా పురుళ్ల గది తలుపు మీద నీ చెయ్యి ఉంచు. అది మూస్తే మా తల్లులు ఏటి ఒడ్డునే కంటారు. కిందటేడు లూసియా అక్కడే కన్నది, అక్కడే పోయింది. ఇక్కడ తలలు వంచినవాళ్లకి ఆ తల్లి కేక వినిపించు తండ్రీ..."

ఎవరో దగ్గారు. ఎవరూ కదల్లేదు. తొంగి చూశాను. కచింగ్వే ఒక్కడే కళ్లు తెరిచి ఆమెనే చూస్తున్నాడు. ఎప్పుడు తెరిచాడో.

"ఆమెన్," అంది టియోంగే. ఒక ముసలి ఊరిపెద్ద గట్టిగా "ఆమెన్!" అన్నాడు. ఇక మిగతావాళ్లకీ అనక తప్పలేదు.

"చక్కటి ప్రార్థన," అన్నాడు కచింగ్వే. "అందరూ ఆమెన్ అన్నాక ఇంకేముంది? ఆ గది మూయం."

టియోంగే నా వైపు తిరిగి నవ్వింది.

కచింగ్వే తన చేత్తోనే ఆమె కప్పులో చక్కెర వేసి, కలిపి, ముందుకు జరిపాడు.

"దీవిలో ఫలేసి ఒక్కతే ఉంది, పాపం. తోడెవరన్నా కావాలంటోంది. ఇంత బాగా ప్రార్థన చేసేవాళ్లు అక్కడుండాలి. సోమవారమే వానలకి ముందు ఆఖరి పడవమ్మా, నువ్వెళ్లు."

"మరి మా గదిలో పురుళ్లు ఎవరు..."

"గది తెరిచే ఉంటుందమ్మా," అన్నాడు. "టీ తాగు."