కప్పు మీద పోయిన రాజం

రాజం మిట్టమధ్యాహ్నం కప్పు మీద ఎండదెబ్బకి పోయాడు. ఎండాకాలం ఆ వేళ బయట పని చేయించగూడదని కువైట్‌లో చట్టముంది. అయినా మా కంట్రాక్టరు ఫింటాస్‌లో ఓ విల్లా కప్పు మీద మాతో రాతి పలకలు పరిపించాడు. రాజం పక్కన నేనొక్కణ్ణే ఉన్నా. నీళ్లు తాపేలోపలే పోయాడు.

సాయంత్రానికల్లా ఫోర్‌మన్ మాట మార్చాడు. "రాజం రూములో నిద్దట్లో పోయాడు. యెహోషువా, నువ్వూ అదే చెప్పు. కాదంటే ఖలాస్, ఫ్లైటెక్కిస్తాం."

నిద్దట్లో పోయాడంటే రాజం పెళ్లాం గంగామణికి కంపెనీ పరిహారం కట్టక్కర్లేదు. అదీ సంగతి.

మాది మార్కాపురం, పలకల గనుల్లో పెరిగినోణ్ణి. రాయిని మెటికతో తట్టి, ఖంగుమంటే మంచిదని, మొద్దుగా మోగితే లోపల పగులుందని చెప్తా. అది చూసే ఎమ్రిస్ నన్ను దగ్గరికి తీశాడు. పలకలతో పాటు పని చూపించడానికి వేల్స్ నుంచి వచ్చిన ముసలాయన. వాళ్లదీ పలకల ఊరే, సముద్రపొడ్డున. కొండ మీద గనులు, కింద రేవు, ఓడల నిండా పలకలు. వాళ్ల తాతల నాడు గని దొర మీద మూడేళ్లు సమ్మె జరిగిందంట. పనికి పోనోళ్లు కిటికీలో అట్ట పెట్టారంట, ఈ ఇంట్లో ద్రోహి లేడని.

"మా తాత పనికి పోయాడు. మా కిటికీలో అట్ట లేదు" అన్నాడు ఎమ్రిస్.

ఆ రాత్రి మెస్సులో నేను నిజమే చెప్తానన్నా. రాజం ఊరోడు గంగాప్రసాద్ మండిపడ్డాడు.

"నీకేందన్నా, ఒక్కనివి. మా ఇఖామా కార్డులు గుంజుకుని వాపస్ పంపితే ఇంటికాడ ఏం తింటరు?"

"రాజం మీ ఊరోడే గదరా."

"అందుకే భయమైతుంది. రేపు నేను."

అందరూ కంచాలు తీసుకుని అవతలికి పోయారు. మీకు చెప్పుకుంటే సిగ్గేంది తమ్ముళ్లూ, నాకు ఏడుపొచ్చింది. ఈ దేశంలో నాకు వాళ్లు తప్ప ఎవరున్నారు?

పొద్దున పోలీసు ఆఫీసరొచ్చాడు. "నిన్న మధ్యాహ్నం కప్పు మీద ఎవరున్నారు?"

నేను చెయ్యెత్తా. ఇంకెవరూ ఎత్తలా.

"వీడికి మతి లేదు సార్" అని ఫోర్‌మన్ నవ్వాడు.

ఆ నవ్వే వాడి కొంప ముంచింది. గంగాప్రసాద్ తలొంచుకునే ముందుకొచ్చాడు. "నిచ్చెన మీద నిలబడి పలకలు అందిచ్చింది నేను. రాజం చేతికే అందిచ్చిన."

"పనికాడ దించింది నేను" అన్నాడు బస్సు డ్రైవరు ఖాజా హుస్సేన్.

ఆ పైన అందరూ ఒక్కసారిగా మాట్లాడారు.

వాంగ్మూలానికి స్టేషన్‌కు రమ్మన్నాడు ఆఫీసరు. ఫోర్‌మన్ బస్సుకు అడ్డం నిలబడి, ఎక్కినోడికి రేపట్నుంచి పని లేదన్నాడు.

ఖాజా హుస్సేన్ ఇంజను వేసి, కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"జరుగుండ్రి సాబ్. సీట్లు నిండినయి. నిలబడ్డోళ్లు గూడ ఉన్నరు."